ఎద్దు కడుపుకి ఎడమవైపు

మన ఊళ్ళలో ఒకప్పుడు పశువుల డాక్టరంటే కొంచెం చులకన. ఇక్కడ అమెరికాలో పుట్టిన మన పిల్లలు వెటర్నరీ చదువుతామంటే, "మనుషుల డాక్టరువి కాకూడదూ?" అని అడిగే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. నేను చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు ఉద్యోగం. అయినా ఈ ప్రశ్న పదేపదే వినపడటంతో, అసలు ఆ చదువు ఎలా పుట్టిందో తెలుసుకుందామనిపించింది. పశువైద్య విద్యార్థులు మొదట్లోనే నేర్చుకునే పాఠం జంతువుల లోపలి అవయవాల నిర్మాణం. దాని చరిత్ర తిరగేస్తే తెలిసిన సంగతేమిటంటే, మనిషి పశువు కడుపు కోసి చూడటం మొదలుపెట్టింది పశువు బాగు కోసం కాదు.

రెండో శతాబ్దంలో రోములో గేలెన్ అనే గొప్ప వైద్యుడుండేవాడు. మనిషి శవాన్ని కోయడం అక్కడ కుదిరేది కాదు. అందుకని కోతుల్నీ, పందుల్నీ, ఎద్దుల్నీ కోసి చూసి, మనిషి లోపల కూడా ఇలాగే ఉంటుందని రాశాడు. ఎద్దులకీ గొర్రెలకీ మెదడు అడుగున సన్నటి రక్తనాళాల వల ఒకటి ఉంటుంది. అది మనకీ ఉందన్నాడు. వైద్యులు పన్నెండు వందల ఏళ్ళకి పైగా ఆ మాట నమ్మారు. మనిషిలో ఆ వల లేదని వెసేలియస్ తన 1543 నాటి గ్రంథంలో స్పష్టంగా చెప్పాడు. అన్ని శతాబ్దాల పాటు ఎద్దు మనిషికి నకలుగానే పనికొచ్చింది. దాని సొంత శరీరం మీద ఎవరికీ ఆసక్తి లేదు.

ఆసక్తి పుట్టిన మొదటి జంతువులు రాజులకి పనికొచ్చేవి. మన దేశంలో శాలిహోత్రుడి పేరు మీద అశ్వశాస్త్రం, పాలకాప్యుడి పేరు మీద గజశాస్త్రం వచ్చాయి. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల మీద పద్యాల్లో ఒక గ్రంథమే రాశాడు. ఇటలీలో బొలోన్యా నగరానికి చెందిన కార్లో రుయీని గుర్రం శరీర నిర్మాణం మీద రాసిన పుస్తకం 1598లో అచ్చయింది. ఒకే జంతువు లోపలి నిర్మాణాన్ని అంత వివరంగా, బొమ్మలతో సహా చూపించిన తొలి పెద్ద పుస్తకం అదే. యుద్ధానికి వెళ్ళే గుర్రానికి శాస్త్రం దొరికింది గాని, నాగలి లాగే ఎద్దుకి దొరకలేదు.

ఎద్దు వంతు రావడానికి ఒక మహమ్మారి కావలసి వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో రిండర్‌పెస్ట్, అంటే మనవాళ్ళు ముసర వ్యాధి అనేది, యూరప్‌లో పశువుల్ని మందలు మందలుగా చంపింది. పొలం దున్నే పశువు పోతే రైతుకి తిండి లేదు, రాజుకి పన్ను లేదు. 1761లో ఫ్రాన్సు ప్రభుత్వం లియోన్ నగరంలో పశువైద్య పాఠశాలకి అనుమతి ఇచ్చింది. దాన్ని స్థాపించిన క్లోద్ బూర్జెలా గుర్రపు స్వారీ నేర్పే అకాడమీ నడిపినవాడు! బడి పెట్టడానికి ఒక ముఖ్య కారణం పశువుల రోగం, పాఠంలో పెద్దపీట మాత్రం గుర్రానిది. 1791లో లండన్‌లో వచ్చిన కాలేజీలోనూ చాలాకాలం అదే వరస.

ఆ వరస సముద్రాలు దాటింది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన సెప్టిమస్ సిసన్ 1910లో ప్రచురించిన పాఠ్యపుస్తకం, 1914 నుంచి 'ది అనాటమీ ఆఫ్ ది డొమెస్టిక్ ఏనిమల్స్' అనే పేరుతో, మన దేశంతో సహా ఎన్నో చోట్ల పశువైద్య విద్యార్థుల చేతికొచ్చింది. అందులో ప్రతి అవయవానికీ ముందు గుర్రం, వివరంగా. ఆ తర్వాతే ఎద్దూ, గొర్రే, పందీ, కుక్కా ఎలా తేడాగా ఉంటాయో చెబుతారు.

ఈ తేడాలు చిన్నవి కావు. గుర్రానికి ఒకటే గది ఉన్న కడుపు, పట్టేది ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు. ఆవుకి నాలుగు గదులు. అందులో మొదటిదైన రూమెన్ పొట్టలో ఎడమ భాగాన్నంతా ఆక్రమిస్తుంది. పెద్ద పశువులో వంద లీటర్లకి పైగా పడుతుంది. ఎడమ మూత్రపిండం కూడా దాని తోపుడికి కుడివైపుకి జరిగిపోతుంది. గుర్రానికి పిత్తాశయమే లేదు, ఆవుకి ఉంది. ఆవు మేతతో పాటు మింగిన మేకు రెండో గదిలో నిలిచిపోతుంది. ఆ గదికీ గుండెకీ మధ్య అడ్డు ఒక పల్చటి విభాజక పటలమే. మేకు దాన్ని దాటితే పశువు దక్కడం కష్టం.

లేత పచ్చిమేత ఎక్కువగా తిని పొట్ట ఉబ్బి, ఊపిరాడక కొట్టుకుంటున్న ఎద్దుని ఊహించుకోండి. గాలి తీయడానికి డాక్టరుకి నిమిషాలే ఉంటాయి. పొడవాల్సింది ఎడమ డొక్కలో, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య పల్లంలో. గుర్రానికి గాలి నిండే పెద్ద సంచి సీకమ్, అది కుడివైపు. గుర్రం పాఠాన్నే ఎద్దు మీద ప్రయోగిస్తే ఒక రైతు కుటుంబం ఏడాది బతుకు పోతుంది.

మన దేశంలో పశువైద్య బోధన 1882లో లాహోర్లో, 1903లో మద్రాసులో మొదలైంది. భారతీయ పశువుల్ని దృష్టిలో పెట్టుకుని రాఘవన్ రాసిన 'అనాటమీ ఆఫ్ ది ఆక్స్' అనే పుస్తకాన్ని భారత వ్యవసాయ పరిశోధన మండలి 1964లో ప్రచురించింది. పాఠంలో ఎద్దు ముందు వరసలోకి రావడానికి, ఎద్దు మీదే బతికే దేశంలో కూడా, అంత కాలం పట్టింది.

ఫ్రాన్సులో ఆ బడి పుట్టడానికి కారణమైన ముసర వ్యాధి ఇక భూమి మీద లేదని 2011లో ప్రకటించారు. మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన అంటువ్యాధులు ఇప్పటికి రెండే. 1980లో ప్రకటించిన మశూచి మనుషుల డాక్టర్ల ఘనత, రెండోది పశువుల డాక్టర్లది. మనుషుల డాక్టరు ఒక్క శరీరం లోపలి సంగతులు నేర్చుకుంటే చాలు. వెటర్నరీ విద్యార్థి గుర్రం, ఆవు, గొర్రె, పంది, కుక్క, పిల్లి, కోడి అన్నిటివీ నేర్చుకోవాలి. పైగా వాటిలో ఏదీ "ఇక్కడ నొప్పి" అని చెప్పదు. మీ అమ్మాయో అబ్బాయో ఆ చదువు చదువుతానంటే, అడగాల్సింది "మనుషుల డాక్టరువి కాకూడదూ" అని కాదు, "అన్ని శరీరాలు గుర్తుపెట్టుకోగలవా?" అని.