ముక్కు నీరు, కంటి నీరు: విడియన్ నాడీచ్ఛేదనం నుండి శీతల చికిత్స వరకు

వ్యాససంగ్రహం
దీర్ఘకాలిక నాసికాశోథకు నాడులపై జరిపే చికిత్స ఆరు దశాబ్దాలలో పొందిన పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వైద్యులు నాడీకాండం నుండి దాని శాఖల వైపు మళ్లడానికి కంటి తడిని కాపాడవలసిన అవసరమే ప్రధాన కారణమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నాసికాశోథ, విడియన్ నాడి, నాడీచ్ఛేదనం, అశ్రుగ్రంథి, శీతల చికిత్స.

1. ఉపోద్ఘాతం
ఏళ్ల తరబడి ముక్కు కారడం, దిబ్బడ వేయడం ప్రాణాంతకం కాకపోయినా రోగి నిద్రను, పనిని, నలుగురిలో మెలగడాన్ని దెబ్బతీస్తాయి. మందులతో తగ్గనివారికి నాడిని ఖండించడం ఒక మార్గంగా ముందుకు వచ్చింది. ఆ మార్గం ఎందుకు ఆదరణ పొందింది, ఎందుకు వెనుకబడింది, ఏ రూపంలో తిరిగి వచ్చింది అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

2. నాడి, దాని మార్గం
ఈ నాడికి పేరు ఫ్లోరెన్సు వైద్యుడు గిదో గిది వల్ల వచ్చింది. లాటిన్‌లో ఆయన పేరు విదుస్ విదియుస్. పారిస్‌లోని రాజకళాశాలలో వైద్యం బోధించిన ఆయన 1569లో మరణించగా, శరీర నిర్మాణ గ్రంథం 1611లో వెనిస్‌లో అచ్చయింది.

పుర్రె అడుగున ఎముకలోని సన్నని కాలువ గుండా సాగే ఈ నాడిలో స్రావాలను ప్రేరేపించే పారాసింపథెటిక్ తంతువులు ఉంటాయి. అవి నాడీముడిని చేరిన తరువాత అక్కడి నుండి బయలుదేరే తంతువులలో కొన్ని ముక్కు శ్లేష్మపొరకు, కొన్ని కంటి అశ్రుగ్రంథికి వెళతాయి. తరువాతి చరిత్రనంతటినీ నడిపింది ఈ చీలికే.

3. కాండాన్ని ఖండించిన దశ
ముక్కు శ్లేష్మపొరపై స్వయంచాలిత నాడుల ప్రభావాన్ని గురించి మాల్కమ్సన్ 1959లో ప్రచురించిన పరిశీలనలు దారి చూపాయి. 1961లో బ్రిటిష్ శస్త్రవైద్యుడు గోల్డింగ్-వుడ్ పై దవడ ఎముకలోని సైనస్ గుండా లోపలికి వెళ్లి విడియన్ నాడిని ఖండించే పద్ధతిని వివరించాడు. ముక్కు కారడం తగ్గింది. కాని చీలికకు ముందే కోత పడినందున కన్ను కూడా పొడిబారేది. చెంప, అంగిలి మొద్దుబారడం, రక్తస్రావం వంటి బాధలు తోడయ్యేవి. కాలక్రమంలో కొందరిలో లక్షణాలు తిరిగి వచ్చేవి. 1970ల నుండి ముక్కులో వాడే స్టెరాయిడ్ మందులు అందుబాటులోకి రావడంతో ఈ శస్త్రచికిత్స అవసరమూ తగ్గింది.

4. శాఖల వైపు
1991లో కామెల్, జాహెర్ ఎండోస్కోప్ సహాయంతో ముక్కు ద్వారానే ఈ నాడిని చేరే విధానాన్ని ప్రచురించారు. చూపు స్పష్టమై, చేరే దారి సులువైంది. అయితే ఖండించే చోటు మారనంతవరకు కంటి సమస్య తీరదు. 1990ల చివర జపాన్‌లో కికవాడ ప్రతిపాదించిన పద్ధతిలో మార్పు వచ్చింది. నాడీముడి దాటిన తరువాత ముక్కులోకి వచ్చే పృష్ఠ నాసికా నాడిని మాత్రమే ఖండించడం వల్ల అశ్రుగ్రంథికి వెళ్లే తంతువులు మిగిలాయి.

5. కోత లేని చికిత్స
చల్లదనంతో చికిత్స కొత్త ఆలోచన కాదు. దీర్ఘకాలిక నాసికాశోథలో శీతల శస్త్రచికిత్సను గురించి ఓజెన్‌బర్గర్ 1970లోనే రాశాడు. కొత్తదనం గురి చూసే చోటులో ఉంది. స్థానిక మత్తు ఇచ్చి, ముక్కు వెనుక భాగంలో పృష్ఠ నాసికా నాడి శాఖలున్న చోట నైట్రస్ ఆక్సైడ్‌తో గడ్డకట్టించే పరికరం వచ్చింది. దానిపై హ్వాంగ్ బృందం 2017లో 27 మంది రోగుల ఫలితాలను ప్రచురించింది. రేడియో తరంగాల వేడితో అదే చోట పనిచేసే పరికరం కూడా తరువాత వచ్చింది.

ఈ దశలో రుజువు తీరు కూడా మారింది. పరికరాన్ని ముక్కులో పెట్టి, అసలు చికిత్స చేయకుండా తీసివేసే నామమాత్ర చికిత్సతో పోల్చి చూడడం మొదలైంది. శీతల చికిత్స పరీక్షలో మూడు నెలలకు లక్షణాలు కనీసం 30 శాతం తగ్గినవారు 73.4 శాతం, నామమాత్ర చికిత్సలో 36.5 శాతం. వేడి చికిత్సలో ఇవి వరుసగా 67.5, 41 శాతం. చికిత్స పనిచేస్తుందని ఈ అంకెలు చెబుతాయి. ఏ చికిత్సా పొందనివారిలోనూ మూడో వంతుకు పైగా మెరుగయ్యారని కూడా చెబుతాయి.

6. ముగింపు
ఈ రెండో అంకె వెలుగులో, పోలిక బృందం లేని 1960ల నాటి విజయ నివేదికలను జాగ్రత్తగా చదవవలసి ఉంటుంది. అప్పటి ఉపశమనంలో కోత వాటా ఎంతో అవి విడదీసి చూపలేవు. కాని అప్పటి రోగి కన్ను పొడిబారడం మాత్రం నిజం. పరికరాలు మారినా ఈ చరిత్రలో అసలు ముందడుగు ఎక్కడ ఖండించాలో కాక, దేనిని ఖండించకుండా విడిచిపెట్టాలో తెలుసుకోవడమే.