చీర రంగు ఎవరు చెప్పాలి?

పోయిన ఆదివారం నేను పప్పుకి పోపు పెడుతుండగా మా అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, నేను ఇంజనీరింగ్ కాదు, నిఫ్ట్ రాస్తాను" అంది. ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. హాల్లో పేపరు చదువుతున్న మావారికి వినబడనే వినబడింది. "జాకెట్లు కుట్టడానికి నాలుగేళ్ల డిగ్రీ ఎందుకమ్మా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక. అమ్మాయి ముఖం మాత్రం చిన్నబోయింది.

అప్పుడు మా అమ్మ, మంచం మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ఈ ఇంట్లో సినిమా చూసి జాకెట్టు కుట్టించుకోని ఆడది ఎవరుందర్రా?" అంది. ఆ ఒక్క మాటతో నాకు మా ఇంటి మూడు తరాల బట్టలన్నీ కళ్ల ముందు తిరిగాయి. వాటి గురించే ఈసారి రాస్తున్నాను.

మా అమ్మమ్మ వాళ్లది తెనాలి దగ్గర పల్లెటూరు. సావిత్రి పుట్టిన చిర్రావూరు కూడా ఆ వైపుదే. 1957లో 'మాయాబజార్' వచ్చినప్పుడు అమ్మమ్మకి ఇరవై రెండేళ్లు. బండి కట్టుకుని తెనాలి వెళ్లి చూశారట. తిరిగొచ్చాక శశిరేఖ కట్టిన చీర ఏ రంగై ఉంటుందా అని ఆడవాళ్లంతా నెల్లాళ్లు వాదించుకున్నారట. ఒకరు ఆకుపచ్చ అంటే, ఇంకొకరు కాదు కుంకుమరంగు అన్నారట. సినిమా నలుపు తెలుపు కదా! ఆ ఫిలిం మీద ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకే బూడిద రంగుగా కనబడవచ్చు. తళతళలాడే తెలుపు మెరిసిపోయి బొమ్మ పాడవుతుందని అసలు తెలుపు వాడకుండా కాస్త మాసిన రంగులు వాడేవారు. అంటే తెర మీద తెల్లచీర నిజానికి తెల్లచీర కాకపోవచ్చు. అమ్మమ్మ తనకి నచ్చిన రంగే శశిరేఖది అనుకుని, గంధంరంగు చీర, బుట్ట చేతుల జాకెట్టు కుట్టించుకుంది. ఆ రంగు తనే ఊహించుకుంది కాబట్టి ఆ చీర తనదే అయింది.

పూర్తి నిడివి తెలుగు రంగుల సినిమా 1963లో 'లవకుశ'తో వచ్చింది. అంజలీదేవి సీత. అక్కడినుంచి ఊహించుకునే పని తగ్గింది. చూసింది చూసినట్టు కొనుక్కునే రోజులు వచ్చాయి.

మా అమ్మకి పదహారేళ్లప్పుడు, 1971లో, 'ప్రేమనగర్' వచ్చింది. కోడూరి కౌసల్యాదేవి గారి నవల అప్పటికే ఇంటింటా చదివేశారు. రామానాయుడు గారి సంస్థ నిలబడటానికి ఆ సినిమా విజయమే ఆధారమైందని అందరూ చెప్పుకునే మాటే. మా షేక్‌పేట పక్కనే, ఫిల్మ్‌నగర్‌లో ఆయన కట్టిన స్టూడియో మీదుగా కూరగాయలకి వెళ్లేటప్పుడల్లా నాకు వాణిశ్రీ కొప్పు గుర్తొస్తుంది. ఆ కొప్పు కోసం అమ్మ సవరం కొనుక్కుంది. మా తాతయ్య చూసి, "తల మీద ఆ గంప ఏమిటే?" అన్నారట. అమ్మ ఆ రోజంతా అన్నం తినలేదట. సాయంత్రానికి తాతయ్యే దిగొచ్చి, "సరేలే, గుడికి మాత్రం అలా రాకు" అన్నారట.

అదే ఏడు కృష్ణ గారి 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చింది. మా నాన్న కౌబాయ్ టోపీ అరువు తెచ్చుకుని స్టూడియోలో తీయించుకున్న ఫోటో ఇప్పటికీ మా బీరువాలో ఉంది. అమ్మ కొప్పుని వెక్కిరించినవాళ్లు ఆ టోపీని ఒక్క మాట అనలేదు. ఫ్యాషన్ అంటే ఆడవాళ్ల పిచ్చి అనేవాళ్లకి నేను ఆ ఫోటోనే చూపిస్తాను.

ఇక్కడ ఒక మనిషిని తలచుకోవాలి. ఊళ్లో టైలరు. సినిమా చూసొచ్చి "ఫలానా హీరోయిన్ జాకెట్టులా కుట్టు" అని అడిగేవాళ్లే తప్ప, ఆయన చేతికి ఫోటో ఇచ్చేవాళ్లు లేరు. అందుకని అమ్మ వాళ్ల వీధి టైలరు కొత్త సినిమా రెండుసార్లు చూసేవాడట. ఒకసారి కథ కోసం, ఒకసారి మెడ, చెయ్యి, వెనక ముడి కోసం. చూసింది జ్ఞాపకం పెట్టుకుని పాత వార్తాపత్రిక మీద గీసి కత్తిరించేవాడు. దాన్ని ఇప్పుడు ప్యాటర్న్ మేకింగ్ అని కాలేజీలో నేర్పుతారని అమ్మాయి చెప్పింది. డిగ్రీ లేని డిజైనర్ అన్నమాట ఆయన. కుట్టుకూలి మాత్రం రూపాయల్లోనే.

తెర మీద బట్టలు కుట్టినవాళ్ల సంగతీ అంతే. మద్రాసులో తీసిన పాత సినిమాల టైటిల్స్‌లో దుస్తులు అన్న మాట కింద ఒక పేరు ఒక్క క్షణం కనబడి పోతుంది. దర్శకుడి పేరు, పాటల రచయిత పేరు మనకి నోటికి వస్తాయి, ఆ పేరు రాదు. జాతీయ సినిమా అవార్డుల్లో దుస్తులకంటూ ఒక అవార్డు 1984 సినిమాలనుంచి గానీ మొదలవలేదు. దానికి ముందే 1983లో భాను అథయ్య 'గాంధీ' సినిమాకి ఆస్కార్ తెచ్చుకున్నారు. భారతీయుల్లో మొదటి ఆస్కార్ ఒక బట్టల డిజైనర్‌కి వచ్చిందని మావారికి చెబితే రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు.

ఈలోగా మన సినిమా మద్రాసు వదిలి హైదరాబాదు వచ్చేసింది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. తర్వాత తర్వాత ఈ బండల గుట్టల మీద స్టూడియోలు, నటుల ఇళ్లు, వాటి వెనకే బొటీక్‌లు లేచాయి. నేను పెళ్లై షేక్‌పేట వచ్చేసరికి మా సందులో ఒక్క లేడీస్ టైలరే ఉండేవాడు. ఇప్పుడు నడిచివెళ్లే దూరంలోనే ఎన్నో బోర్డులు. దాదాపు ప్రతి బోర్డు మీదా 'మగ్గం వర్క్' అని ఉంటుంది.

తెలుగు చదువుకున్న దాన్ని కాబట్టి ఆ మాట దగ్గర నేను ఆగిపోతాను. మగ్గం అంటే బట్ట నేసేది. ఇక్కడ మగ్గం అంటే జాకెట్టు గుడ్డని బిగించి కట్టే చెక్క చట్రం. దాని చుట్టూ కూర్చుని సూదితో జరీ, పూసలు, కుందన్లు కుడతారు. అది కూడా గొప్ప పనే, కళ్లు పోయే పని. కానీ నేత మగ్గం పేరు కుట్టు చట్రానికి వెళ్లిపోవడంలో ఒక కథ ఉంది. మొన్న ఆడపడుచు కూతురి హాఫ్ శారీ ఫంక్షన్‌కి నేను కొన్న చీర మూడున్నర వేలు, దాని జాకెట్టు మీద పని ఆరువేలు. చీర నేసినవాళ్లకంటే జాకెట్టుకే ఎక్కువ పెట్టానని ఇంటికొచ్చాక గానీ నాకు తట్టలేదు. సినిమా పోస్టర్‌లో మనకి ముందు కనబడేది జాకెట్టే కదా.

మూడున్నర వేలకి కొన్నది పోచంపల్లి అనే అనుకున్నాను. మా అమ్మాయే తిరగేసి చూసి, "అమ్మా, ఇది ప్రింటు" అంది. అసలు పోచంపల్లిలో నూలుని ముందే చిటికి కట్టి రంగులద్ది ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త అల్లుకుపోయినట్టు కనిపిస్తాయి. ప్రింటైతే వెనకవైపు వెలిసిపోయినట్టు ఉంటుంది. కొన్ని రకాల బట్టలు చేనేతకే ఉండాలని 1985లో చట్టమే చేశారు. పోచంపల్లి ఇక్కత్‌కి భౌగోళిక గుర్తింపూ ఉంది. అయినా నాలాంటి దాన్ని మోసం చెయ్యడానికి ఒక మంచి ప్రింటు చాలు. సిగ్గనిపించింది. పదిహేడేళ్ల పిల్లకి తెలిసింది నలభై దాటిన నాకు తెలియలేదు.

2018లో 'మహానటి' వచ్చింది. మేం ముగ్గురం ఆడవాళ్లం కలిసి వెళ్లాం. అమ్మమ్మ ఊహించుకున్న రంగుల్ని ఎవరో మళ్లీ ఊహించి, నేయించి, కీర్తి సురేశ్‌కి కట్టారు. ఆ సినిమాకి దుస్తుల విభాగంలో జాతీయ అవార్డు ముగ్గురికి కలిపి వచ్చింది: ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు. వాళ్లలో గౌరంగ్ షా మన హైదరాబాదులో ఉండి జాందానీ నేతగాళ్లతో పనిచేయించే మనిషి. జాందానీలో పువ్వు కావాలంటే నేస్తున్నప్పుడే అక్కడక్కడ విడిగా పోగు చేత్తో దూర్చాలి. మన ఉప్పాడలో నేసేది ఆ పద్ధతిలోనే. ఒక సినిమా చీరకి మగ్గం మీద అంత పని జరిగిందంటే, ఆ డిజైనర్‌కి గీయడం ఒక్కటే వస్తే సరిపోదు. నూలు తెలియాలి, నేతగాడి రోజుకూలి తెలియాలి, పాత సినిమా తెలియాలి.

'మాయాబజార్'కి 2010లో రంగులద్దారు. హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ వాళ్లు చేశారు. ఆ రంగుల ప్రింటు టీవీలో వచ్చినప్పుడు మా అమ్మమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "నా చీర రంగు ఇది కాదే" అని నవ్వింది. శశిరేఖ చీర అనలేదు, నా చీర అంది.

ఇదంతా ఆ రోజు అన్నాలు తింటూ మావారికి చెప్పాను. ఆయన విని, "అంతా బాగానే ఉంది. నెలకి జీతం ఎంతొస్తుంది?" అన్నారు. తండ్రి అడగవలసిన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు. మా సందులో మూతపడిన బొటీక్‌లు కూడా చూశాను కదా. హైదరాబాదు నిఫ్ట్ 1995లో మొదలైంది, మాదాపూర్‌లో ఉంది, హాస్టల్ ఖర్చు లేకుండా ఇంటినుంచే వెళ్లి రావచ్చు అని మాత్రం అన్నాను. అమ్మాయి తన వంతుగా, ఈఏపీసెట్ కూడా రాస్తాను నాన్నా, రెండూ రాశాకే మాట్లాడుకుందాం అంది.

ప్రస్తుతానికి అంతవరకే కుదిరింది. అప్లికేషన్ మావారే నింపారు. ఫోటో అప్‌లోడ్ అవక రాత్రి పదకొండు దాకా తిట్టుకున్నారు గానీ వదిలిపెట్టలేదు. ఆ ప్రింటు చీరని మా అమ్మాయి టేబుల్ గుడ్డగా కత్తిరించింది. జాకెట్టు మాత్రం దాచాను. దాని మీద ఎవరివో నాలుగు రోజుల కళ్లు ఉన్నాయి.

మీ ఇంట్లో కూడా సినిమా చూసి కొన్న చీరో, కుట్టించిన జాకెట్టో ఉండే ఉంటుంది. అమ్మలనీ, అత్తయ్యలనీ ఒకసారి అడిగి చూడండి. అది ఎవరు కుట్టారో కూడా అడగండి, ఆ పేరు ఎవరికైనా గుర్తుందేమో.