బొంబాయిలో ఒక తెలుగు అమ్మకందారు

మన పిల్లలలో ఎవరైనా డిగ్రీ పుచ్చుకొని 'సేల్సు' ఉద్యోగములో చేరినారని వింటే మన ఇళ్ళలో పెద్దలు ఇప్పటికీ కొంచెము నసుగుతూనే ఉన్నారు. ఆఫీసులో కుర్చీ వేసుకొని కూర్చున్నవాడు ఉద్యోగి. సంచీ పట్టుకొని దుకాణము వెంట దుకాణము తిరిగేవాడికి ఇంకా ఉద్యోగము దొరకలేదని మన లెక్క. సంబంధములు చూచేటప్పుడు ఈ అభిప్రాయము మరీ బయటపడుతుంది. బొంబాయి తెలుగువారమై యుండి మనము ఈ మాట అనడము చిత్రమే. ఈ నగరములో మనవారు గడించిన పేర్లలో మిక్కిలి పెద్దది ఒక అమ్మకందారుది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిని మనము దేశోద్ధారకులుగా తలచుకొంటాము, పత్రికాధిపతిగా తలచుకొంటాము. వారు సరకు అమ్మినారన్న సంగతిని మాత్రము ఒక వాక్యములో దాటవేస్తాము. మాకు ఆ వాక్యము దగ్గరనే ఆగాలని ఉన్నది.

పంతులుగారు 1867లో కృష్ణా జిల్లాలో జన్మించినారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి 1891లో బి.ఏ. పట్టము పొందినారు. ఆ రోజులలో బి.ఏ. అంటే సర్కారు కొలువునకు దగ్గరి దారి. వారు ఆ దారిని పోలేదు. మద్రాసులో కొద్దికాలము వ్యాపారము చూచి, కలకత్తా వెళ్ళి ఒక మందుల వర్తకసంస్థలో పనిచేసి, మందు తయారు చేయడమూ అమ్మడమూ నేర్చినారు. అక్కడినుండి బొంబాయి వచ్చి విలియం అండ్ కంపెనీలో చేరి త్వరలోనే పైకి వచ్చినారు. పట్టభద్రుడు ఒకరి దుకాణములో పని నేర్చుకొనుటను నాటి బంధువర్గము ఎట్లు చూచి యుండునో ఊహించుట కష్టము కాదు.

అప్పటికే బొంబాయిలో తెలుగువారికి కొదవ లేదు. కామాఠీపురము పేరే తెలుగు ప్రాంతములనుండి వచ్చి ఈ నగరములో కట్టడపు పనులు చేసిన కామాఠీలవలన వచ్చినది. కాని వారు రెక్కల కష్టముమీద బ్రతికేవారు. కేవలము వారిని నమ్ముకొని ఒక సరకును దేశమంతటా నడిపించుట సాధ్యము కాదు. గుజరాతీలకు, మరాఠీలకు, పార్శీలకు, అనగా మన భాష రానివారికి, మన పేరు ఎరుగనివారికి అమ్మవలసి యుండెను.

1893లో పంతులుగారు అమృతాంజనము ప్రారంభించినారు. సంగీత కచేరీలలో దానిని ఉచితముగా పంచిపెట్టినారు. ఇందులోని యుక్తి మాకు తోచినంతవరకు ఇది. కర్పూరము, మెంథాల్, నీలగిరి తైలము కలిసిన లేపనము వాసన దాగదు. ఒకరు నుదుట రాచుకొంటే వరుసలోని నలుగురికీ తెలుస్తుంది. కచేరీ అంటే గంటల తరబడి కూర్చుండుట. తలనొప్పి గలవాడు ఒకడైనా ఉంటాడు. పైగా భాష రాని ఊళ్ళో మందు గుణమును మాటలతో ఒప్పించనక్కరలేదు, నుదురే సాక్ష్యము చెబుతుంది. ఈనాటి కంపెనీలు 'సాంప్లింగ్' అని పేరు పెట్టి నేర్పుతున్న విద్య ఇదే.

ఉచితముగా ఇచ్చుటలో ఒక ప్రమాదము కూడ ఉన్నది. సరకు మంచిదికాకపోతే ఆ సంగతి అంత త్వరగానూ ఊరంతా తెలుస్తుంది! ఇంకొక చిక్కు కలదు. తలనొప్పి మందు చిన్న సీసా ఒక ఇంట నెలల తరబడి వస్తుంది. కొన్నవారే మళ్ళీ కొంటారని కూర్చుంటే వ్యాపారము అక్కడే నిలిచిపోతుంది. కొత్త మనుషులను, కొత్త ఊళ్ళను వెదుకుతూ ఉండవలసినదే. 'బిజినెస్ డెవలప్‌మెంట్' అని నేడు మన యువకుల కార్డులమీద కనబడే పని ఇంతకన్న వేరు కాదు. లెక్కల పుస్తకమొకటి తెలిస్తే చాలదు, మనిషిని చదవడము తెలియాలి.

1907లో సూరతు కాంగ్రెసుకు వెళ్ళివచ్చిన పంతులుగారికి తెలుగు పత్రిక ఒకటి కావాలని తోచినది. 1908లో 'ఆంధ్రపత్రిక' వారపత్రికగా వెలువడినది. ఎక్కడ? ఈ బొంబాయిలోనే. తెలుగు గడ్డకు ఇంత దూరాన అచ్చయిన పత్రికను ఊరూరికీ చేర్చుటయు అమ్మకపు పనియే. మందు లాభము పత్రికను పోషించినది. పత్రిక మందు పేరును తెలుగు ఊళ్ళకు మోసినది. 1914లో పత్రిక మద్రాసు చేరి దినపత్రిక అయినది. 1924లో 'భారతి' వచ్చినది, 1926లో ఆంధ్ర గ్రంథమాల. 1936లో అమృతాంజనము పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయినది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒప్పందము చేసికొన్న 'శ్రీబాగ్' పంతులుగారి ఇల్లే. ఆ ఇంటి వెనుక ఎన్ని సీసాలు అమ్ముడుపోయినవో మన చరిత్రకారులు లెక్కించరు.

పంతులుగారు 1938లో గతించినారు. 'ఆంధ్రపత్రిక' 1991లో ఆగిపోయినది. మందు మాత్రము నేటికీ మన వీధి చివర మందుల దుకాణములో అడిగితే దొరుకుతుంది.