బీరువాలో మూడు అరలు

గ్రంథాలయంలో సాహిత్యం ఒక అరలో, చరిత్ర ఒక అరలో, విజ్ఞానశాస్త్రం మరొక అరలో ఉండడం మనకు మామూలు విషయం. నూట ఇరవై ఏళ్ల కిందట తెలుగులో మొదటి అర ఒక్కటే నిండుగా ఉండేది. పురాణాలు, ప్రబంధాలు, శతకాలకు కొదవ లేదు. కందుకూరి వీరేశలింగం గారి వంటివారి వచన రచనలు కూడా వాటి పక్కన చేరాయి. చరిత్రగానీ, భౌతిక రసాయన శాస్త్రాలుగానీ కాస్త లోతుగా చదవాలంటే మాత్రం ఇంగ్లీషు రావలసిందే. మిగతా రెండు అరలు ఎలా నిండాయో ఈ స్వర్ణోత్సవ వేళ తలచుకోవడం సముచితమని నా అభిప్రాయం.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. దాని స్థాపకులలో ఒకరు కొమర్రాజు లక్ష్మణరావు గారు. గ్రంథాలయం పెట్టడం సగం పని అయితే, అందులో ఉంచవలసిన పుస్తకాలు రాయించడం మిగతా సగం. ఆ రెండో సగం కోసం ఆయన 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని ప్రారంభించారు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గార్లు తోడు నిలిచారు.

మండలి ప్రచురణలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గాడిచర్ల వారు అబ్రహాం లింకన్ జీవితచరిత్ర రాశారు. లక్ష్మణరావు గారు హిందూ మహాయుగం, చిలుకూరి వీరభద్రరావు గారు ఆంధ్రుల చరిత్ర రాశారు. పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం తెలుగులోకి వచ్చాయి. పోటీలు పెట్టి చారిత్రక నవలలు రాయించారు. అంటే మూడు అరలకూ ఒకే సంస్థ పుస్తకాలు సమకూర్చింది.

ఇది ఎంత కష్టమో ఇంజనీరుగా నాకు కొంత తెలుసు. శాస్త్రం తెలిసినంత మాత్రాన రాయలేం. ప్రతి భావనకూ పాఠకుడికి అర్థమయ్యే పేరు కావాలి. ఆ పేర్లు వెతుక్కుంటూ, లేనివి కల్పించుకుంటూ వారు రాశారు. తరవాత లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. ఆ పని పూర్తికాకుండానే 1923లో ఆయన కన్నుమూశారు.

ఆ మరుసటి ఏడాదే గణితం బోధించే ఎస్.ఆర్. రంగనాథన్ గారు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రాలలో మొదటిదాని సారం ఇదే: పుస్తకం ఉన్నది దాచడానికి కాదు, చదవడానికి.

మిత్రులారా, తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగుకు వెళ్లిన నాలాంటివారికి మన బడి బీరువాలోని తెలుగు సైన్సు పుస్తకాలే పునాది. విషయం ముందే తెలుసు కాబట్టి, కాలేజీలో భాష ఒక్కటే కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. చరిత్ర, నవలలు ఆ పక్క అరలోనే ఉండడం వల్ల అవీ అలవాటయ్యాయి. ఈ మధ్య బడికి వెళ్లినప్పుడు ఆ బీరువాలకు తాళం కనిపించింది. పుస్తకాలు ఇచ్చే మనిషి లేరట.

స్వర్ణోత్సవ నిధితో కంప్యూటర్లు కొందామన్న ప్రతిపాదన మంచిదే. అందులో కొంత భాగం గ్రంథాలయానికి కేటాయించాలని మన సంఘాన్ని కోరుతున్నాను. ఒక్కో బ్యాచ్ ఏడాదికి ఒక అర పుస్తకాలు కొనివ్వవచ్చు. అంతకన్నా ముందు జరగవలసినవి రెండున్నాయి. టైమ్‌టేబుల్‌లో ప్రతి తరగతికీ వారానికో లైబ్రరీ పీరియడ్ ఉండాలి. ఆ తాళంచెవి పిల్లలకు అందుబాటులో ఉండే ఒక మనిషి చేతిలో ఉండాలి. ఇందుకు మన గురువుల సలహా, సహకారం కోరుతున్నాను.