వానలో అందుకున్న కప్పు

ఆటల చరిత్రలో వింతలకు కొదవ లేదు. అలాంటి వింత ఒకటి మన డర్బన్‌లోనే ఉన్నది. గోల్ఫ్ కర్రను అందరికీ తారుమారుగా పట్టుకుని ఛాంపియన్ అయిన పాప్వా సెవ్‌గోలమ్ సంగతి అది. ఆయన పట్టును గురించి మన పిల్లలు విని ఉండవచ్చు గాని, ఆయనకు కప్పు ఇచ్చిన తీరు విన్నారో లేదో అని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆయన పేరు సెవ్‌సంకర్. అంటే మన శివశంకరుడే! నాయుడు 'నాయ్‌డూ' అయినట్లే ఇంగ్లీషు గుమాస్తాల చేతిలో పడి అలా మారాడు. తెలుగువారు కారు. అయినా మన తాతల వలెనే ఒప్పందంపై నేటాల్‌కు వచ్చిన కూలీల సంతతివారు. చిన్నతనంలోనే బీచ్‌వుడ్ గోల్ఫ్ మైదానంలో సంచులు మోసే కాడీగా చేరారు. నేర్పే గురువు లేడు. కుడిచేతివాటం వారు ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద ఉంచి కర్ర పట్టడం పద్ధతి. క్రికెట్ బ్యాటు పట్టేదీ అంతే. పాప్వా కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద పెట్టేవారు. ఇలా పట్టి బంతిని దూరం కొట్టడం ఎంత కష్టమో ఇంట్లో చీపురుకర్రతో ప్రయత్నించి చూడండి!

ఆయన యజమాని గ్రాహం వుల్ఫ్. మన ఇళ్లలో ఆడవాళ్లు ముఖానికి రాసుకునే ఆయిల్ ఆఫ్ ఓలేను డర్బన్‌లో కనిపెట్టినది ఈయనే. 1959లో ఈయన పాప్వాను యూరప్‌కు తీసుకువెళ్లారు. ఆ ఏడే పాప్వా డచ్ ఓపెన్ గెలిచారు. 1960లోనూ, 1964లోనూ మళ్లీ గెలిచారు.

ఇక అసలు సంగతి. 1963లో డర్బన్ కంట్రీ క్లబ్‌లో నేటాల్ ఓపెన్ పోటీ జరిగింది. తెల్లవారితో కలిసి ఆడాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అది దొరికింది, ఆడారు, గెలిచారు. బహుమతి వేళకు వాన మొదలైంది. తెల్లవారందరూ క్లబ్బు భవనంలో ఉన్నారు. వర్ణభేద చట్టం ప్రకారం గెలిచినవాడు లోపల అడుగు పెట్టరాదు. కప్పును బయటనే, వానలోనే అందించారు. లోపల వడ్డించే భారతీయ పనివాళ్లకు లేని అడ్డు, గెలిచిన భారతీయునికి వచ్చిందన్న మాట!

వానలో కప్పు పట్టుకున్న ఆయన ఫోటో దేశదేశాల పత్రికలలో పడింది. మరుసటి ఏడు టోక్యో ఒలింపిక్స్‌కు దక్షిణాఫ్రికాను రానివ్వలేదు. అదంతా ఈ ఒక్క ఫోటో మహిమే అనడం అతిశయోక్తి అవుతుంది. కాని బహిష్కరణ కోరేవారికి వంద ఉపన్యాసాలు చేయని పని అది చేసింది.

1965 నేటాల్ ఓపెన్‌లో పాప్వా మళ్లీ గెలిచారు. ఈసారి ఓడినవారిలో అప్పటికే అమెరికాలో మాస్టర్స్ గెలిచి వచ్చిన గ్యారీ ప్లేయర్ ఉన్నారు. ఆ తరువాత అనుమతులు నిలిచిపోయాయి. పాస్‌పోర్టు కూడా లాగివేశారు. ఆటే బ్రతుకుతెరువైన మనిషికి ఇంట్లోనూ బయటా ఆట లేకుండా పోయింది. 1978లో కన్నుమూశారు.

తరువాతి కాలంలో రిజర్వాయర్ హిల్స్‌లోని గోల్ఫ్ మైదానానికి ఆయన పేరు పెట్టారు. బంతిని గుంటలోకి నెమ్మదిగా నెట్టేటప్పుడు మాత్రం ఇప్పుడు పేరున్న ఆటగాళ్లు కూడా కొందరు ఎడమచెయ్యినే కింద పెడుతున్నారు.