తూకం కదలనప్పుడు: బరువు తగ్గే ప్రయత్నంలో స్తబ్ధత, దానిని దాటే మార్గాలు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని భిలాయ్ నగరానికి ఉక్కు కర్మాగారమే పునాది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మాణం మొదలు కాగా, 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉపాధి వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన అనేక తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. స్మృతి నగర్ వంటి నివాస ప్రాంతాలలో నేడు వినిపించే ఆరోగ్య సమస్యలు హైదరాబాద్‌లోనో, విశాఖపట్నంలోనో వినిపించే వాటికి భిన్నమైనవి కావు. మధుమేహం, రక్తపోటు, పెరిగిన నడుము చుట్టుకొలత, వాటి వెంట వైద్యుడు చెప్పే ఒకే మాట: బరువు తగ్గాలి.

ఆ మాట విని నడక మొదలుపెట్టి, అన్నం తగ్గించిన వారికి తొలి రెండు మూడు నెలలు ఉత్సాహంగానే గడుస్తాయి. ఆ తర్వాత ఒక దశలో అంకె ఆగిపోతుంది. నడక మానలేదు, స్వీట్లు ముట్టలేదు, అయినా తూకం కదలదు. ప్రయత్నం విరమించే వారిలో చాలామంది విరమించేది ఇక్కడే.

ఈ స్తబ్ధతకు తొలి కారణం ఆరంభంలోనే ఉంది. కాలేయంలోనూ కండరాలలోనూ నిల్వ ఉండే గ్లైకోజెన్ తనతో పాటు సుమారు మూడు రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది. ఆహారం తగ్గించిన మొదటి వారాలలో ఆ నిల్వ కరిగి నీరు బయటికి పోతుంది. అందుకే తొలినాళ్లలో తగ్గిన కిలోలలో కొవ్వు కొంత మాత్రమే. తర్వాత వేగం మందగించడం వైఫల్యం కాదు, అసలు లెక్క అప్పుడే మొదలవుతుంది.

రెండవది, తగ్గిన శరీరానికి తక్కువ శక్తి చాలు. ఎనభై ఐదు కిలోల మనిషి గంట నడకకు ఖర్చు చేసేంత శక్తి డెబ్భై ఐదు కిలోల మనిషికి అవసరం లేదు. దీనికి తోడు శరీరం తన ఖర్చును అంతకంటే మరికొంత కుదించుకుంటుందని 1995లో రుడాల్ఫ్ లీబెల్ బృందం న్యూయార్క్‌లో నిరూపించింది. అమెరికాలో ఒక టెలివిజన్ పోటీలో భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత కెవిన్ హాల్ బృందం పరీక్షించగా, విశ్రాంతిలో వారి శరీరం ఖర్చు చేస్తున్న శక్తి ఉండవలసిన దానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉన్నట్టు 2016లో తేలింది. అది తీవ్రమైన పద్ధతులలో బరువు తగ్గిన వారి సంగతి. సాధారణంగా తగ్గే వారిలో ఈ ప్రభావం ఇంత పెద్దది కాదు.

అయితే అసలు ప్రత్యర్థి ఖర్చు తగ్గడం కంటే ఆకలి పెరగడం. తగ్గిన ప్రతి కిలోకు శరీర వ్యయం రోజుకు 20 నుంచి 30 కేలరీలు పడిపోతే, ఆకలి మాత్రం సుమారు 100 కేలరీల మేర పెరుగుతుందని హాల్ సహా పరిశోధకులు అంచనా వేశారు. పది వారాల కఠిన ఆహార నియమం పాటించిన 50 మందిపై ఆస్ట్రేలియాలో జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, ఆకలిని పెంచే హార్మోన్ల మార్పులు ఏడాది గడిచినా పూర్వస్థితికి రాలేదు. ఇంట్లో వారికి ఇది మనోబలం లోపంగా కనిపించవచ్చు. నిజానికి దీని వెనుక ఉన్నది శరీర ధర్మం.

ఆకలి పెరిగినప్పుడు మనిషి తెలియకుండానే తింటాడు. ఎంత తగ్గించినా బరువు తగ్గడం లేదని చెప్పిన వారిని 1992లో న్యూయార్క్‌లో శాస్త్రీయంగా పరిశీలించినప్పుడు, వారు తాము తిన్నదానిని 47 శాతం తక్కువగా లెక్కించారు, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారు. వారు అబద్ధమాడారని కాదు. వంటింటిలో లెక్కకు రానివి ఎన్నో ఉంటాయి. పోపులో పడే ఒక పెద్ద చెంచా నూనె సుమారు 120 కేలరీలు. రెండు చెంచాల చక్కెరతో రోజుకు మూడు టీలు తాగితే చక్కెర ద్వారానే మరో 120. ఆవకాయ పైన తేలే నూనెను ఎవరూ లెక్కించరు. వరికి పేరుపడిన ఛత్తీస్‌గఢ్‌లో బియ్యప్పిండి చీలా, ఫరా అల్పాహారమైతే, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం. తెలుగువారి చద్దన్నానికి దగ్గరి బంధువైన బోరే బాసి కూడా ఇక్కడ వేసవి అలవాటే. వీటిలో ఏదీ నిషిద్ధం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించరాదు. అన్నం ఒక గరిటె తగ్గి, పప్పు, కూర, పెరుగు, గుడ్డు ఆ స్థానాన్ని తీసుకుంటే ఆకలి కూడా కొంత అదుపులో ఉంటుంది.

7,700 కేలరీలు మిగిల్చితే కిలో తగ్గుతుందన్న పాత సూత్రం నిరాశకు మరో మూలం. ఆ లెక్కన రోజుకు 500 తగ్గించిన వారు ఏడాదికి ఇరవై కిలోలకు పైగా తగ్గాలి. అలా జరగదు. 2011లో లాన్సెట్‌లో వచ్చిన లెక్క ప్రకారం, రోజువారీ ఆహారంలో 24 కేలరీల శాశ్వత తగ్గింపు చివరికి సుమారు ఒక కిలో తగ్గిస్తుంది, అందులో సగం రావడానికే ఏడాది పడుతుంది. కొత్తగా వచ్చిన ఇంజెక్షన్ మందులతోనూ ఏడాది దాటాక బరువు ఒక స్థాయి వద్ద నిలుస్తుంది.

మూడు షిఫ్టులలో నడిచే ఉక్కు నగరంలో నిద్ర ప్రత్యేకంగా చెప్పుకోవలసిన అంశం. 2010లో షికాగోలో పది మందిపై జరిగిన చిన్న ప్రయోగంలో, ఒకే ఆహార నియమంతో రాత్రి ఎనిమిదిన్నర గంటలు పడుకునే అవకాశం ఉన్నప్పుడూ, ఐదున్నర గంటలే ఉన్నప్పుడూ తగ్గిన బరువు దాదాపు సమానమే. కానీ నిద్ర తగ్గినప్పుడు కరిగిన కొవ్వు 55 శాతం తక్కువ, పోయిన కండ ఎక్కువ. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన వ్యక్తి ముందు పడుకోవాలా, నడవాలా అన్న ప్రశ్నకు చాలా సందర్భాలలో ముందు నిద్రే సరైన సమాధానం.

ఇక ఉత్సాహం నిలబెట్టుకోవడం దేనిని కొలుస్తున్నామన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఉప్పు, మలబద్ధకం, స్త్రీలలో నెలసరి వల్ల బరువు ఒక్క రోజులోనే కిలో అటూ ఇటూ మారుతుంది. కనుక ఒక రోజు అంకెను నమ్మడం కంటే వారపు సగటును నెల క్రితం సగటుతో పోల్చడం మేలు. టేపుతో నడుము కొలవడం ఇంకా మేలు. భారతీయులకు పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాద సూచిక. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ నేతృత్వంలో జరిగి 2006లో వెలువడిన భారత మధుమేహ నివారణ అధ్యయనం ఇక్కడ విలువైనది. మధుమేహానికి అంచున ఉన్న 531 మందిలో, ఆహారం, నడక మార్చుకున్న బృందానికి మధుమేహం వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. ఆ బృందం బరువులో చెప్పుకోదగిన తగ్గుదల లేదు. తూకం కదలకపోయినా చక్కెర వ్యాధి వాయిదా పడింది. దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని ఐసీఎంఆర్ సర్వే 2023లో తేల్చిన నేపథ్యంలో, నెలలు గడిచాక నడక మానేసే వారు కోల్పోయేది కిలోలకంటే పెద్దదే.

పెళ్లి భోజనం, దసరా పిండివంటలు ఒక రోజు లెక్క తప్పిస్తాయి, అంతే. ‘ఎలాగూ చెడింది’ అనుకుని మిగిలిన వారమంతా వదిలేయడమే నష్టం. ‘ఇంకా తగ్గలేదా’ అని పలకరించే బంధువుల మాటా తక్కువ నష్టం చేయదు. ‘ఈ నెల మూడు కిలోలు’ అనే లక్ష్యం మనిషి చేతిలో లేదు, ‘టీ తాగిన వెంటనే అరగంట నడక’ అనేది ఉంది. స్థలం, సమయం ముందే ఖరారు చేసుకున్న సంకల్పం నెరవేరే అవకాశం ఎక్కువని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపాయి. అలసట మరీ ఎక్కువైతే రెండు వారాలు బరువు తగ్గించే పని ఆపి, ఉన్న బరువును కాపాడుకోవడమూ ఒక పద్ధతే. అయితే అది విందుల విరామం కారాదు. వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం వంటిదైనా సరే, కండ కరిగిపోకుండా ఆపుతుంది. మే నెల ఎండలలో భిలాయ్‌లో నడక సూర్యోదయానికి ముందో, చీకటి పడ్డాకో మాత్రమే క్షేమం.

క్రమం తప్పకుండా పాటిస్తున్నా రెండు మూడు నెలలుగా నడుము కొలత కూడా మారకపోతే వైద్యుడిని కలవాలి. థైరాయిడ్ లోపం, స్త్రీలలో పీసీఓఎస్, స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు బరువును ఆపగలవు, పెంచగలవు. ఆ మందులను సొంతంగా మానరాదు. మధుమేహానికి మాత్రలు వేసుకుంటూ ఆహారం బాగా తగ్గించిన వారిలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉంది కనుక, మోతాదు మార్పు గురించి ముందుగానే అడగాలి.