టీ క్లబ్ కుర్రాళ్ళు నలుగురు

లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సినిమాలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఈరోజు ఆ కథ కాదు. దాన్ని రాసిన టోల్కీన్ గారి ఫ్రెండ్స్ గురించి చెప్తాను.

1911. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్. కింగ్ ఎడ్వర్డ్స్ స్కూల్ లైబ్రరీలో కొందరు కుర్రాళ్ళు దొంగచాటుగా టీ కాచుకుని తాగేవాళ్ళు. తర్వాత అడ్డా బారోస్ అనే స్టోర్‌లోని టీ రూమ్‌కి మారింది. అందుకే తమ గ్యాంగ్‌కి టీ క్లబ్, బారోవియన్ సొసైటీ అని పేరు పెట్టుకున్నారు. చివరికి గట్టిగా నిలిచింది నలుగురు: టోల్కీన్, లెక్కలూ సంగీతమూ తెలిసిన క్రిస్టఫర్ వైజ్‌మన్, బొమ్మలు గీసే రాబ్ గిల్సన్, కవిత్వం రాసే జాఫ్రీ స్మిత్. గిల్సన్ ఎవరో కాదు, సాక్షాత్తూ హెడ్‌మాస్టర్ గారబ్బాయే!

ప్రపంచానికి ఏదో గొప్పది చేసి చూపించాలని వీళ్ళ కల. 1914లో యుద్ధం వచ్చింది. వైజ్‌మన్ నేవీకి, మిగతా ముగ్గురూ ఆర్మీకి. నలుగురూ చివరిసారి కలిసింది 1915 సెప్టెంబర్‌లో, లిచ్‌ఫీల్డ్‌లో.

1916 జూలై 1. ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదటి రోజు. ఆ ఒక్కరోజే 19 వేల మందికి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారు. తన మనుషుల్ని ముందుకు నడిపిస్తూ గిల్సన్ పడిపోయాడు. వయసు 22. టోల్కీన్ బెటాలియన్ ఆ రోజు వెనక రిజర్వ్‌లో ఉంది. అదే తేడా. పేపర్లో మృతుల జాబితాలో గిల్సన్ పేరు చూసి స్మిత్ ఉత్తరం రాస్తే తప్ప టోల్కీన్‌కి తెలియలేదు. అప్పటికి రెండు వారాలు గడిచాయి.

నిజానికి నన్ను ఎక్కువ కదిలించింది స్మిత్ చావు. సోమ్ యుద్ధం ముగిసిపోయింది. నవంబర్ చివర్లో, ఫ్రంట్‌కి చాలా వెనక, తన సైనికులకి ఫుట్‌బాల్ మ్యాచ్ ఏర్పాటు చేద్దామని రోడ్డు మీద నడిచి వెళ్తున్నాడు. దగ్గర్లో షెల్ పేలి ముక్కలు తగిలాయి. తనే నడిచి వెళ్ళి కట్టు కట్టించుకున్నాడు. పెద్ద దెబ్బ కాదు, కంగారు పడకు అని అమ్మకి ఉత్తరం కూడా రాశాడు. గాయం కుళ్ళింది. డిసెంబర్ 3న పోయాడు. అతనికీ 22 ఏళ్ళే.

మరి టోల్కీన్ ఎలా బతికాడు? పేలు! అవును, బట్టల్లో చేరే పేలు. వాటివల్ల వచ్చే ట్రెంచ్ ఫీవర్‌తో అక్టోబర్ చివర్లో మంచాన పడితే, నవంబర్‌లో ఇంగ్లండ్ పంపేశారు. మళ్ళీ ఫ్రంట్‌కి వెళ్ళేంత ఆరోగ్యం రాలేదు. ఆయన వదిలి వచ్చిన బెటాలియన్ 1918లో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

బతికింది ఇద్దరు. స్మిత్ వాళ్ళమ్మ అడిగితే, అతని కవితలన్నీ పోగుచేసి 1918లో పుస్తకంగా తెచ్చారు టోల్కీన్, వైజ్‌మన్. ఆ తర్వాత ఎవరి ఉద్యోగాలు వాళ్ళవి, కలుసుకోవడం తగ్గింది. నలుగురి అడ్డాలో ఇద్దరే కూర్చుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

1924లో పుట్టిన మూడో కొడుక్కి టోల్కీన్ పెట్టిన పేరు క్రిస్టఫర్. తండ్రి పోయాక, ఆయన వదిలి వెళ్ళిన కాగితాలు సర్ది ఒక్కొక్కటిగా పుస్తకాలు తెచ్చింది ఆ క్రిస్టఫరే.